మిగిలినవాళ్ళ పండుగ

పరాయి ఊళ్ళో పండుగ చేసుకోవడం ఎంత తంటాయో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పనక్కరలేదు. వేపపువ్వు దొరక్క కాకరకాయ ముక్కతో ఉగాది పచ్చడి అయిందనిపించినవాళ్ళనీ, మామిడాకులు లేక పచ్చకాగితం కత్తిరించి గుమ్మానికి కట్టినవాళ్ళనీ నేనెరుగుదును. అయితే ఈ అవస్థ మనకే గాని అమెరికా వాళ్ళకెందుకుంటుందిలే అనుకునేదాన్ని. డాలర్లున్నవాళ్ళకి ప్రపంచమంతా సొంత ఊరే కదా అని నా ఉద్దేశం. ఆ ఉద్దేశం తప్పని 2017 నవంబరులో తెలిసింది.

మా తమ్ముడు జర్మనీలో ఆహెన్ అనే ఊళ్ళో ఉంటున్నాడు. బెల్జియం, హాలండు సరిహద్దులకి ఆనుకుని ఉన్న పాత ఊరు. 814లో చనిపోయిన షార్లమేన్ చక్రవర్తి సమాధి అక్కడి పెద్ద చర్చిలోనే ఉంది. బి.ఏ.లో చరిత్ర చదివిన రోజుల్లో ఆ పేరు పరీక్ష కోసం బట్టీ పట్టాను గాని, ఆయన ఊళ్ళో మా మరదలికి పథ్యం వండి పెడతానని కలలో కూడా అనుకోలేదు. మరదలికి రెండో కాన్పు. పసిదానికి అప్పటికి రెండో నెల.

వాళ్ళ కింది వాటాలో ఒక అమెరికన్ దంపతులున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. ఆయన ఒక భాషల బడిలో ఇంగ్లీషు చెబుతాడు. ఆవిడది మసాచుసెట్స్ రాష్ట్రం. అక్కడ చాలా ఏళ్ళు పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పి మానుకుందట. పేరు పెట్టి పిలవమని ఆవిడ ఎంత చెప్పినా నాకు నోరు రాలేదు. నాకంటే ఇరవై ఏళ్ళ పెద్దదాన్ని పేరు పెట్టి ఎలా పిలవడం?

ఒకరోజు తలుపు సందులోంచి చీటీ పడింది. శనివారం 25వ తేదీ మధ్యాహ్నం థాంక్స్‌గివింగ్ భోజనానికి అందరూ రావాలి, ఇండియా నుంచి వచ్చిన అక్కగారు తప్పకుండా రావాలి అని.

"నవంబరు నాలుగో గురువారం కదట్రా ఆ పండుగ? 23న రావాలిగా?" అన్నాను.

"గురువారం ఇక్కడ అందరికీ ఆఫీసులే అక్కా. వాళ్ళ దేశంలో సెలవు గాని ఈ దేశంలో మామూలు రోజేగా. అందుకని శనివారానికి జరుపుకుంటారు" అన్నాడు మా తమ్ముడు.

నాకు నవ్వొచ్చింది. సంక్రాంతికి సెలవు లేక ఆ ఆదివారం బొమ్మల కొలువు పెట్టుకునే మనవాళ్ళు గుర్తొచ్చారు. పండుగ తిథిని బట్టి గాక, సెలవుని బట్టి రావడం పరదేశవాసం మొదటి లక్షణం కాబోలు.

శుక్రవారం నాడు సాయం చేద్దామని కిందికి దిగాను. చూద్దును కదా, ఆవిడ టైలరులాగా టేపు పట్టుకుని పొయ్యిలోపల కొలతలు తీస్తోంది. జర్మనీ వాళ్ళ ఓవెన్ అమెరికా వాళ్ళ ఓవెన్ కంటే చిన్నదట. టర్కీ కోడేమో ఎనిమిది కిలోలు. మూడు వారాల ముందే మాంసం కొట్లో చెప్పి ఉంచాలి. ఆ కొట్టాయనకి పన్నెండేళ్ళుగా ఇదే సందేహమట, "క్రిస్మస్‌కి ఇంకా నెల ఉందే, ఇప్పుడెందుకమ్మా?" అని. జర్మన్లు నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగకి బాతుజాతి పక్షిని తింటారు. టర్కీ తింటే గింటే క్రిస్మస్‌కే. ఇక పంటల పండుగంటారా, అక్టోబరు మొదటి ఆదివారం చర్చిలో ధాన్యపు కంకులూ ఆపిల్ పళ్ళూ గుమ్మడికాయలూ బలిపీఠం ముందు పేర్చి దేవుడికి దండం పెట్టుకోవడంతో వాళ్ళకది తీరిపోతుంది. "ఆ మధ్యనే దేవుడికి కృతజ్ఞత చెప్పేశాం కదా, మళ్ళీ ఏమిటి?" అని ఎదురింటావిడ ప్రతి ఏడూ వేళాకోళం చేస్తుందట.

గుమ్మడికాయ తీపి వంటకానికి అమెరికాలోలా డబ్బాలో గుజ్జు దొరకదు, కాయ కోసి ఉడికించుకోవాల్సిందే. క్రాన్‌బెర్రీ పళ్ళకి బదులు అడవుల్లో కాసే అదే జాతి ఎర్రటి చిన్న పళ్ళు. "ఇరవై రకాలు వండితే పద్దెనిమిదింటికి ఏదో ఒక ప్రత్యామ్నాయమే" అందావిడ. ఆ మాట అనడంలో మా అమ్మ గొంతు వినబడింది నాకు.

నేను మాంసం ముట్టనని తెలిసి, నా కోసం బంగాళాదుంపలూ చిక్కుళ్ళూ వేరే గిన్నెలో పెట్టింది. నేను గుమ్మడికాయ దప్పళం పెట్టి తెస్తానన్నాను.

ఇద్దరం కూర్చుని దుంపలు చెక్కుతుంటే అడిగాను, అసలీ పండుగ కథేమిటని. పాఠాలు చెప్పిన మనిషి కదా, మొదలుపెట్టింది. ఆవిడ చెప్పినదానికి నేను తరవాత చదువుకున్నది కూడా కలిపి చెబుతున్నాను.

1620లో మేఫ్లవర్ అనే ఓడ 102 మంది ప్రయాణికులతో ఇంగ్లండు నుంచి బయలుదేరి అమెరికా ఒడ్డు చేరింది. వాళ్ళలో చాలామంది తమ మతం తమ పద్ధతిలో ఆచరించుకోనివ్వలేదని ఇంగ్లండు విడిచి, పదేళ్ళకు పైగా హాలండులోని లైడెన్ పట్నంలో తల దాచుకున్నవాళ్ళు. అంటే వాళ్ళు అమెరికా వెళ్ళకముందే పరదేశవాసులు. ఒడ్డు చేరేసరికి చలికాలం. తిండి లేదు, ఇల్లు లేదు. వసంతం వచ్చేసరికి సగంమంది పోయారు.

వాళ్ళు దిగిన చోటు పేరు పటుక్సెట్. వాంపనోగ్ జాతి వాళ్ళ పల్లె. పల్లె అన్నాను గాని అప్పటికక్కడ మనుషుల్లేరు. అంతకుముందు నాలుగేళ్ళలో తెల్లవాళ్ళ ఓడలతో వచ్చిన మహమ్మారి ఆ తీరాన్ని ఊడ్చేసింది. ఆ పల్లెకి చెందిన టిస్క్వాంటమ్ అనే అతన్ని 1614లో ఒక ఇంగ్లీషు ఓడవాడు ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మేశాడు. అతను ఎలాగో తప్పించుకుని, ఇంగ్లండు చేరి, ఆ భాష నేర్చి, 1619లో ఇల్లు వెతుక్కుంటూ వస్తే ఊరంతా పాడుపడి ఉంది. తన పల్లె నేలలో ఇళ్ళు కట్టుకుంటున్న ఆ పరాయివాళ్ళకే అతను చేపని ఎరువుగా వేసి మొక్కజొన్న నాటడం నేర్పాడు. ఎందుకు నేర్పాడో, అతని మనసులో ఏముందో రాసిపెట్టిన కాగితం లేదు. కథలు రాసేదాన్ని గనక నేను ఊహించగలను. కాని చరిత్ర విషయంలో ఊహలు వద్దు లెండి.

1621 శరత్తులో పంట చేతికొచ్చింది. మూడు రోజులు విందు చేసుకున్నారు. వాంపనోగ్ నాయకుడు మసాసోయిట్ దాదాపు తొంభైమంది మగవాళ్ళతో వచ్చాడు. వాళ్ళు అయిదు లేళ్ళని వేటాడి తెచ్చారు. ఇంగ్లీషువాళ్ళంతా కలిసి యాభైమంది. ఆ సంగతి ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన ఉత్తరంలో రాశాడు. పక్షుల్ని కొట్టి తెచ్చారని ఉంది గాని అందులో టర్కీ పేరు లేదు.

ఇక్కడ ఆవిడ కత్తి కింద పెట్టి నా వంక చూసింది. "ఆ విందుకి వండిందెవరో తెలుసా? ఓడలో వచ్చిన పెళ్ళయిన ఆడవాళ్ళు పద్దెనిమిదిమంది. విందు నాటికి మిగిలింది నలుగురు" అంది.

నలుగురు! కాస్త ఎదిగిన ఆడపిల్లలు సాయం చేసి ఉంటారనుకోండి. నలుగురు ఆడవాళ్ళు నూట నలభైమందికి మూడు రోజులు వండి పెట్టారు. బొమ్మల్లో బల్లల ముందు మగవాళ్ళు కూర్చుని ప్రార్థన చేస్తుంటారు. పొయ్యి దగ్గర మసి బట్టల్తో నిలబడ్డ నలుగురిలో ఒక్కరి మాట కూడా చరిత్రకెక్కలేదు. పద్నాలుగుమందిని పూడ్చిపెట్టిన ఏడాదిలో వాళ్ళు పెనం మీదికి వంగి ఏమనుకున్నారో!

ఇంతవరకూ అమెరికాలో బడిపిల్లలందరికీ చెప్పే కథేనట. ఆ తరవాతది చాలాకాలం చెప్పలేదు. మసాసోయిట్‌తో కుదిరిన ఒడంబడిక యాభై ఏళ్ళు నిలిచింది. అతని కొడుకు మెటకోమ్ కాలానికి యుద్ధం వచ్చింది. 1676లో అతన్ని చంపి, తల తెచ్చి అదే ప్లిమత్ ఊళ్ళో ఏళ్ళ తరబడి కర్రకి గుచ్చి ఉంచారు. తండ్రి విందు చేసిన ఊరది. 1970లో, ఓడ వచ్చి 350 ఏళ్ళయిన సందర్భంలో వాంసుటా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ పెద్దమనిషిని ప్రసంగించమని పిలిచారు. ఆయన రాసుకున్న ప్రసంగంలో ఈ సంగతులన్నీ ఉండేసరికి, అది చదవడానికి వీల్లేదన్నారు. ఆయన తనవాళ్ళతో కలిసి ఆ థాంక్స్‌గివింగ్ నాడు ప్లిమత్‌లో ఒక గుట్ట మీద సంతాపదినం జరిపాడు. అప్పటినుంచి ఏటా జరుపుతున్నారు.

ఆ గుట్ట పేరు కోల్స్ హిల్. మొదటి చలికాలంలో పోయినవాళ్ళని ఇంగ్లీషువాళ్ళు పాతిపెట్టింది కూడా ఆ గుట్ట మీదే. ఎంతమంది పోయారో బయటికి తెలియకూడదని సమాధుల మీద పైరు వేశారని చెప్పుకుంటారు. ఒకే గుట్ట. ఇద్దరి దుఃఖం.

"మరి ఇదంతా తెలిసి కూడా పండుగ చేస్తారా?" అని అడిగేశాను.

ఆవిడ కోపగించుకోలేదు. "ఒక ఏడాది మానేద్దామనుకున్నాను. అప్పుడు సారా గుర్తొచ్చింది" అంది.

సారా ఎవరో చెబితే మీరూ సంతోషిస్తారు. మన సాటి పత్రికల మనిషి. సారా జోసెఫా హేల్ 1788లో న్యూ హాంప్‌షైర్‌లో పుట్టింది. 1822లో భర్త పోయాడు. చేతిలో అయిదుగురు పిల్లలు. ఆనాటినుంచి చనిపోయేదాకా నల్లబట్టలే కట్టింది. పిల్లల పోషణ కోసం కలం పట్టింది. 1827లో వేసిన 'నార్త్‌వుడ్' అనే మొదటి నవలలో ఒక ప్రకరణమంతా థాంక్స్‌గివింగ్ భోజనమే. 1837 నుంచి 1877 దాకా, నలభై ఏళ్ళపాటు, ఫిలడెల్ఫియాలో అచ్చయ్యే 'గోడీస్ లేడీస్ బుక్' అనే స్త్రీల పత్రికకి సంపాదకురాలు. మన కాన్వెంటు పిల్లలు ముద్దు ముద్దుగా పాడే మేరీ గొర్రెపిల్ల పాట రాసింది కూడా ఈవిడే, 1830లో.

థాంక్స్‌గివింగ్ అప్పటికి దేశమంతటా ఒకే రోజున చేసుకునే పండుగ కాదు. 1789లో వాషింగ్టన్ ఒకసారి ప్రకటించాడు గాని తరవాత ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిది. సారా 1846 నుంచి పట్టు పట్టింది. ఏడాదికేడాది పత్రికలో రాయడం, గవర్నర్లకీ అధ్యక్షులకీ ఉత్తరాలు రాయడం. ఫ్యాషన్ బొమ్మలూ కుట్టుపనులూ వంటలూ వేసే పత్రికలో ఓ పక్కన ఈ పోరు. ఒక అధ్యక్షుడు పోయి ఇంకో అధ్యక్షుడు వచ్చాడు, ఈవిడ ఉత్తరాలు మాత్రం ఆగలేదు. పదిహేడేళ్ళకి, 1863 సెప్టెంబరు 28న, లింకన్‌కి రాసింది. అయిదు రోజుల్లో, అక్టోబరు 3న ప్రకటన వెలువడింది. దాన్ని రాసిపెట్టింది ఆయన మంత్రి సీవార్డ్ అంటారు. ఆ ఏడు నవంబరు చివరి గురువారం నాడు దేశమంతా పండుగ.

ఆ సంవత్సరం సంగతి గుర్తు చేసుకోండి. అన్నదమ్ముల యుద్ధం నడుస్తోంది. జులైలో గెటిస్‌బర్గ్‌లో మూడు రోజుల్లో రెండు పక్షాలా కలిసి యాభై వేలకు పైగా చనిపోవడమో గాయపడడమో గల్లంతవడమో జరిగింది. అలాంటి ఏడాదిలో దేవుడికి కృతజ్ఞత ఏమిటని అడగొచ్చు. ఆ ప్రకటనలోనే విధవరాళ్ళనీ, అనాథలనీ, దుఃఖంలో ఉన్నవాళ్ళనీ తలుచుకోమని ఉంది. నలభై ఏళ్ళుగా నల్లబట్టల్లో ఉన్న డెబ్భై నాలుగేళ్ళ ఆవిడ అడిగిన పండుగ మరి ఎలా ఉంటుంది?

"అందరూ ఇది సమృద్ధి పండుగ అనుకుంటారు. కాదు, మిగిలినవాళ్ళ పండుగ" అంది మా కింది వాటా ఆవిడ, దుంపలు నీళ్ళలో వేస్తూ.

తరవాత ఈ పండుగ తేదీకి కూడా మన దీపావళికొచ్చే తిప్పలే వచ్చాయి. 1939లో నవంబరుకి అయిదు గురువారాలొచ్చాయి. చివరిదాకా ఆగితే క్రిస్మస్ బేరాలకి రోజులు చాలవని వ్యాపారులు మొరపెట్టుకుంటే, అధ్యక్షుడు రూజ్వెల్టు ఒక వారం ముందుకి జరిపాడు. కొన్ని రాష్ట్రాలు సరేనన్నాయి, కొన్ని ససేమిరా అన్నాయి. మన ఇళ్ళలో ఆ పంచాంగం ప్రకారం నేడు, ఈ పంచాంగం ప్రకారం రేపు అన్నట్టు రెండు వారాల పండుగ అయింది. చివరికి 1941లో కాంగ్రెసు చట్టం చేసి నాలుగో గురువారమని తేల్చింది.

సరే, శనివారం వచ్చింది. పొయ్యిలో పట్టదనుకున్న పక్షి పట్టింది. బల్ల చుట్టూ ఎనిమిదిమందిమి. ఆ దంపతులు, మేం ముగ్గురం, మా మేనకోడలు, సిరియా నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక కుర్రాడు, ఎదురింటి జర్మన్ ముసలావిడ. ఆవిడకి డెబ్భై ఏడేళ్ళు. నిటారుగా కూర్చుని, ఇస్త్రీ చెదరని జాకెట్టుతో, హెడ్‌మిస్ట్రెస్‌లా ఉంది. ఇంగ్లీషు రాదు. మా మరదలు పసిదాన్ని ఒళ్ళో వేసుకుని ఆవిడ మాటలు నాకు తెలుగులో చెబుతోంది.

టర్కీ కోడి పేరు మీద కాసేపు నవ్వుకున్నాం. ఆ పక్షి పుట్టిల్లు మెక్సికో. ఇంగ్లీషువాళ్ళు దాన్ని టర్కీ దేశపు కోడి అనుకున్నారు. టర్కీ వాళ్ళేమో 'హిందీ' అంటారు, అంటే మనది. ఫ్రెంచివాళ్ళ 'దాంద్' అన్నా ఇండియాదనే. ఆహెన్ పొలిమేర దాటితే హాలండువాళ్ళు 'కల్కూన్' అంటారు, అంటే మన కాలికట్ కోడి! "ఆ లెక్కన ఈ పక్షి నాకు పుట్టింటివైపు చుట్టం. అందుకే తినడం లేదు" అన్నాను.

భోజనానికి ముందు ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులో చెప్పాలి. అది వాళ్ళ ఆచారం. సిరియా కుర్రాడు ఆ పొద్దున్న ఫోనులో వాళ్ళమ్మ గొంతు విన్నానన్నాడు. మా మరదలు పసిదాన్ని చూపించింది. నా వంతు వచ్చేసరికి నేను మిరపకాయకి దండం పెట్టుకున్నాను. అందరూ నవ్వారు గాని అది నిజం. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జామ, సీతాఫలం, నా దప్పళంలోని తియ్యగుమ్మడి, ఇవన్నీ ఆ అమెరికా తొలివాసులు పెంచి పోషించినవే. పోర్చుగీసువాళ్ళ ఓడలూ ఇతర్ల ఓడలూ ఎక్కి మన దేశానికొచ్చాయి. మిరపకాయ లేని గుంటూరుని ఊహించండి. రోజూ మూడు పూటలా వాళ్ళ సొమ్ము తింటూ, వాళ్ళకెన్నడూ ఒక్క నమస్కారం చెప్పలేదు మనం.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత నేను నోరు జారాను.

హాల్లో గోడ మీద ఒక పాత ఫొటో ఉంది. సైనికుడి దుస్తుల్లో ఇరవై ఏళ్ళ కుర్రాడు. భుజం మీద నాలుగు ఆకుల గుర్తు. ఆ గృహస్థు పోలికలే. మనకి ఊరకుండడం చేతకాదు గదా. "మీ నాన్నగారా? యుద్ధంలో ఎక్కడ పనిచేశారు?" అని అడిగాను.

బల్ల దగ్గర చప్పుడాగిపోయింది. ఆయన భార్య నా వంక చూడలేదు. తన కంచం వంక చూసుకుంది. ఏదో తప్పు చేశానని తెలిసింది గాని ఏమిటో తెలియలేదు.

ఆహెన్‌కి కొద్ది దూరంలో హ్యూర్ట్‌గెన్ అడవి ఉంది. 1944 అక్టోబరు 21న ఆహెన్ అమెరికా సైన్యాల వశమైంది. జర్మనీలో వాళ్ళకి చిక్కిన మొదటి పట్నం ఇదే. కాని పక్కనున్న అడవి మాత్రం నెలల తరబడి లొంగలేదు. చలి, బురద, చెట్ల కొమ్మల మీద పేలే గుండ్లు. అమెరికా పక్షాన ముప్ఫై వేలకు పైగా చనిపోవడమో, గాయాలూ జబ్బుల పాలవడమో జరిగింది. జర్మన్ల నష్టమూ తక్కువ కాదు. నవంబరు 23 థాంక్స్‌గివింగ్. ముందు వరసలో ఉన్నవాడికి కూడా ఆ రోజు టర్కీ మాంసం అందాలని పైనుంచి ఆజ్ఞ.

కాసేపటికి ఆయన మెల్లిగా చెప్పాడు. "ఈ పక్కనున్న అడవిలోనే. వేడి భోజనం వచ్చిందని కుర్రాళ్ళందరూ వరసలో నిలబడ్డారట. గుంపుగా కనబడేసరికి గుండ్లు పడ్డాయి. మా నాన్న ముందున్నవాడూ వెనకున్నవాడూ పోయారు. ఇంటికొచ్చాక ప్రతి ఏడూ మా అందరికీ తనే మాంసం కోసి వడ్డించేవాడు. తను మాత్రం రొట్టె తినేవాడు. ఆయనకి టర్కీ పడదేమో అనుకునేవాళ్ళం పిల్లలం. 2005లో మేమీ ఊరొచ్చాం. ఆ నవంబరులో ఫోన్ చేసి, భోజనానికి ఎవరొచ్చారు అని అడిగాడు. ఎదురింటి జర్మన్ ఆవిడ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఆవిడకి మంచి ముక్క వడ్డించావా అన్నాడు. అప్పుడు చెప్పాడీ సంగతి. మరుసటి ఏడు పోయాడు."

ఆయన ఆ మాటలు జర్మన్‌లోనే చెప్పాడు, ముసలావిడ వంక చూడకుండా. పన్నెండేళ్ళుగా ఆవిడ ముందు ఎత్తని మాట అది. ఎందుకంటే ఆవిడ తండ్రి కూడా ఆ అడవిలోనే పోయాడు. జర్మన్ సైనికుడు. అప్పటికావిడకి నాలుగేళ్ళు. ఎక్కడ పూడ్చారో ఈనాటికీ తెలియదు. నవంబరులో వచ్చే సంతాపదినాన, థాంక్స్‌గివింగ్‌కి కొద్ది రోజుల ముందు, ఆవిడ ఫోసెనాక్ సైనిక శ్మశానానికి వెళ్ళి పేరు లేని రాయి ఒకదాని దగ్గర దీపం పెట్టి వస్తుందట.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ముసలావిడ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఏదో అంది. మా మరదలు నాకు వెంటనే చెప్పలేకపోయింది. ఆవిడ అన్నదిది: "నాకు మొదటి ఏడే తెలుసు. ఆ నాలుగాకుల గుర్తు అడవి మ్యూజియంలో ఉంది, ఎన్నిసార్లు చూడలేదు? తెలిసే వచ్చాను. అయినా, ఆ ఏడు మీ పక్షి మాడిపోయింది."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు ఆ అమెరికన్ ఇల్లాలు నవ్వింది. తరవాత ఆయన. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. సంగతేమిటంటే, ఆ మొదటి ఏడు వాళ్ళిద్దరే పరాయి దేశంలో బిక్కుబిక్కుమంటూ పండుగ చేసుకుంటుంటే, మాడువాసనకి ఈవిడ ఏం తగలబడుతోందోనని వచ్చి తలుపు కొట్టిందట. వచ్చినావిడని కూర్చోబెట్టి వడ్డించారు. అలా మొదలైంది ఈ పంక్తి. పన్నెండేళ్ళు ఆయన ఆవిడ కోసం దాచాడు, ఆవిడ ఆయన కోసం దాచింది.

అప్పుడాయన లేచి, పక్షిలో మంచి ముక్క కోసి ఆవిడ కంచంలో వేశాడు. తనూ ఒక ముక్క వేసుకున్నాడు. ఆ పైన అందరం మాట్లాడుకున్నాం. నా దప్పళం కారంగా ఉందంటూనే ముసలావిడ రెండోసారి వేయించుకుంది.

రాత్రి మేడ మీదికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు. పద్నాలుగుమందిని పూడ్చుకుని వంటకి నిలబడ్డ నలుగురూ, పాడుపడిన తన ఊళ్ళో పరాయివాళ్ళకి జొన్న నాటడం నేర్పినవాడూ, నల్లబట్టల్లో ఉత్తరాలు రాసిన సారా, రొట్టె తిన్న ఆ తండ్రీ కళ్ళ ముందు కదిలారు. పోయినవాళ్ళని మరిచిపోయి చెప్పే కృతజ్ఞత నోటిమాట కింద పోతుందనీ, తలుచుకుంటూ చెబితే పక్కవాడికి ఓ ముద్ద పెట్టబుద్ధవుతుందనీ నాకు తోచింది. ఆ గుట్ట మీద సంతాపదినం జరుపుకునేవాళ్ళు అడిగేదీ, మమ్మల్నీ తలుచుకోండి అనే గదా.

చెప్పడం మరిచాను. ఆ పండుగలో మిగిలిన వంట కూడా ముఖ్యమే. మన పెళ్ళిళ్ళలోలా వచ్చినవాళ్ళందరికీ తలో పొట్లం కట్టిస్తారు. ముసలావిడకి నేనూ ఒక గిన్నెలో దప్పళం పోసిచ్చాను. మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మంలో నా గిన్నె ఉంది. శుభ్రంగా తోమి, తుడిచి, దాని నిండా ఆహెన్‌లో చేసే ప్రింటెన్ అనే గట్టి బిస్కట్లు పోసింది.

ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని ఆ దేశంలో ఆవిడకెవరు చెప్పారో!